పెంపుడు కుక్కల బీమా: పథకాల మదింపు

పెంపుడు కుక్క జబ్బుపడినప్పుడు, ప్రమాదానికి గురైనప్పుడు, చనిపోయినప్పుడు, తప్పిపోయినప్పుడు లేదా ఇతరులకు హాని చేసినప్పుడు యజమానికి కలిగే ఆర్థిక నష్టాన్ని, ముందుగా కుదిరిన షరతుల మేరకు బీమా సంస్థ భరించే ఒప్పందం పెంపుడు కుక్కల బీమా. భారతదేశంలో ఇది సాధారణ బీమా విభాగంలోకి వస్తుంది. పథకం మదింపు అంటే ప్రీమియం ఎంతో చూడడం మాత్రమే కాదు. ఏ నష్టానికి, ఎంత మేరకు, ఏ షరతులతో డబ్బు వస్తుందో, ఆ కుక్కకూ అది ఉండే ఊరికీ అది ఎంతవరకు సరిపోతుందో తేల్చుకోవడం. ఈ వ్యాసం పెద్దపల్లి జిల్లా పాలకుర్తి మండలంలోని బసంత్‌నగర్‌ను, దాన్ని ఆనుకొని ఉన్న రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ మదింపును వివరిస్తుంది.

నిర్వచనం, ముఖ్య పదాలు

బీమా ఒప్పందంలో యజమాని పాలసీదారు, కుక్క బీమా చేసిన జంతువు. సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తం ‘బీమా మొత్తం’. దానికోసం యజమాని కట్టేది ప్రీమియం. నష్టం జరిగినప్పుడు డబ్బు కోరడం క్లెయిమ్. ప్రతి క్లెయిమ్‌లో యజమాని తన వంతుగా భరించవలసిన శాతాన్ని కో-పే అంటారు. మొదట మినహాయించే స్థిరమైన మొత్తం డిడక్టిబుల్. బీమా మొత్తంలోనే ఒక్కో ఖర్చుకు విడిగా పెట్టే హద్దు ఉపపరిమితి. పాలసీ మొదలయ్యాక కొన్ని రకాల క్లెయిములు చెల్లని తొలి వ్యవధి నిరీక్షణ కాలం.

1938 బీమా చట్టంలోని 64 వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా బీమా సంస్థ నష్టభారాన్ని స్వీకరించడానికి వీల్లేదు. అందువల్ల ఏజెంటు మాట ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు. పాలసీ పత్రంలో రాసిన ప్రారంభ తేదీ, సమయమే ప్రమాణం. బీమా ఒప్పందం పరిపూర్ణ విశ్వాసం మీద నిలుస్తుంది. కుక్క వయసు, జాతి, పాత జబ్బుల గురించి తెలిసిన విషయాలను దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరణకు అది కారణమవుతుంది.

యాప్‌లు, క్లినిక్‌లు అమ్మే నెలవారీ ఆరోగ్య సభ్యత్వాలు బీమా కావు. అవి టీకాలకు, పరీక్షలకు రాయితీ ఇస్తాయి గాని నష్టభారాన్ని స్వీకరించవు. బీమా పథకానికి సంస్థ రిజిస్ట్రేషన్ సంఖ్యతో పాటు ఆ ఉత్పత్తికి విడిగా యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది.

చరిత్ర: ప్రపంచంలో

జంతువుల బీమా పనిచేసే పశువులతో మొదలైంది. స్వీడన్‌లో క్లేస్ వర్జిన్ 1890లో గుర్రాలకు, పాడిపశువులకు బీమా ప్రారంభించారు. అదే దేశంలో 1924లో తొలిసారి ఒక కుక్కకు పాలసీ జారీ అయింది. బ్రిటన్‌లో 1947లో ఈ బీమా మొదలైంది. అమెరికాలో 1982లో తొలి పాలసీని ‘లాసీ’ పాత్ర పోషించిన కుక్కకు ఇచ్చారు. కుక్కల్లో బీమా ఉన్నవాటి వాటా చాలా ఎక్కువగా ఉన్న దేశంగా స్వీడన్ నేటికీ నిలుస్తోంది. అక్కడ పాలసీలు ప్రధానంగా వైద్య ఖర్చులను భరిస్తాయి.

చరిత్ర: భారతదేశంలో

1972 సాధారణ బీమా వ్యాపార జాతీయీకరణ చట్టం అనంతరం 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా నాలుగు ప్రభుత్వరంగ సంస్థల చేతికి వచ్చింది: నేషనల్ (కోల్‌కతా), న్యూ ఇండియా (ముంబయి), ఓరియంటల్ (ఢిల్లీ), యునైటెడ్ ఇండియా (చెన్నై). పాడిపశువులకు బీమా చేసే పద్ధతి ఈ సంస్థల ద్వారానే పల్లెలకు చేరింది. పెంపుడు కుక్కల పాలసీ కూడా ఆ పశువుల బీమా నమూనా మీదే తయారైంది. జంతువుకు మార్కెట్ విలువ కట్టడం, గుర్తింపు గుర్తు పెట్టడం, అది చనిపోతే ఆ విలువ చెల్లించడం అందులోని ప్రధాన అంశాలు.

తెలంగాణ పల్లెల్లో ఈ పద్ధతి పరిచితమే. గేదె చెవికి వేసే బీమా బిళ్ల, బిళ్ల లేకపోతే క్లెయిమ్ లేదన్న నియమం రైతులకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2005-06లో ఎంపిక చేసిన 100 జిల్లాల్లో పశుబీమా పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. తరువాత అది జాతీయ పశుసంపద మిషన్‌లో భాగమైంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన గొర్రెల పంపిణీలోనూ జీవాలకు బీమా చేయించారు. అయితే ఈ ప్రభుత్వ పథకాలు జీవనోపాధినిచ్చే పశువులకు ఉద్దేశించినవి. కుక్క బీమాకు ప్రీమియం రాయితీ లేదు, మొత్తం యజమానే కట్టుకోవాలి.

1999 చట్టంతో ఏర్పడిన బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2001లో తన ప్రధాన కార్యాలయాన్ని హైదరాబాద్‌కు మార్చుకుంది. ప్రైవేటు సంస్థలు రంగంలోకి వచ్చాక కూడా కుక్కల బీమా చాలాకాలం పాత నమూనాలోనే సాగింది. 2020లో బజాజ్ అలయంజ్ శస్త్రచికిత్స, ఆసుపత్రి ఖర్చులను భరించే కుక్కల పాలసీని విడుదల చేసింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఫ్యూచర్ జనరాలీ, డిజిట్, హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో వంటి సంస్థలు తమ ఉత్పత్తులతో వచ్చాయి. 2022లో ఐఆర్‌డీఏఐ చాలా సాధారణ బీమా ఉత్పత్తులను ముందస్తు అనుమతి లేకుండానే మార్కెట్లోకి తెచ్చే వెసులుబాటు కల్పించింది. అందువల్ల కొత్త పథకాలు త్వరగా వస్తున్నాయి, ఉన్నవాటి షరతులూ త్వరగా మారుతున్నాయి.

రకాలు

మరణ పరిహార పాలసీ: ప్రమాదం వల్లగాని వ్యాధి వల్లగాని కుక్క చనిపోతే బీమా మొత్తం చెల్లించేది. ప్రభుత్వరంగ సంస్థల సంప్రదాయ పాలసీ ప్రధానంగా ఇదే. సాధారణంగా 8 వారాల నుంచి 8 ఏళ్ల వయసు కుక్కలను తీసుకుంటుంది. దేశవాళీ, సంకర, విదేశీ జాతులు మూడింటికీ వర్తిస్తుంది. దొంగతనం, రవాణాలో మరణం, విషప్రయోగం, ప్రదర్శనకు వెళ్లలేకపోవడం, మూడో వ్యక్తి బాధ్యత వంటివి అదనపు ప్రీమియంతో చేర్చుకోవచ్చు.

వైద్య ఖర్చుల పాలసీ: ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్స, శస్త్రచికిత్స ఖర్చులను బీమా మొత్తం మేరకు తిరిగి చెల్లించేది. 2020 తరువాత వచ్చిన ప్రైవేటు పథకాలు ఎక్కువగా ఈ కోవలోవి. అవుట్ పేషెంట్ చికిత్స, దీర్ఘకాలిక సంరక్షణ, ప్రాణాంతక వ్యాధులు వీటిలో విడి విభాగాలుగా ఉంటాయి. ఎంచుకున్న విభాగానికే రక్షణ ఉంటుంది.

బాధ్యత రక్షణ: కుక్క కరిచి గాయపరచినా, ఆస్తి పాడుచేసినా యజమాని చెల్లించవలసివచ్చే పరిహారాన్ని భరించేది. ఇది విడిగా కాక, పై రెండింటిలో ఒకదానికి అనుబంధంగా దొరుకుతుంది.

మిశ్రమ పాలసీ: మరణం, చికిత్స, దొంగతనం, బాధ్యతలను ఒకే పత్రంలో చేర్చేది. ఒక్కో విభాగానికి వేరువేరు బీమా మొత్తం ఉంటుంది కాబట్టి పైన కనిపించే పెద్ద అంకె అన్ని నష్టాలకూ వర్తించదు.

ప్రాంతీయ నేపథ్యం: బసంత్‌నగర్, రామగుండం

బసంత్‌నగర్ 1960ల చివర వచ్చిన కేశోరాం సిమెంటు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు. పెద్దపల్లికీ గోదావరిఖనికీ మధ్య రాజీవ్ రహదారి మీద ఉంది. ఉత్తరాన రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, గోదావరిఖని చుట్టూ సింగరేణి గనులు ఉన్నాయి. కాలనీ క్వార్టర్లలో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమేరియన్, పగ్ జాతులతో పాటు నాటు కుక్కలనూ పెంచుతారు. సింగరేణి వైద్య సదుపాయం ఉద్యోగులకు, వారిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు మాత్రమే. పెంపుడు జంతువుల ఖర్చు పూర్తిగా ఇంటిదే.

ఆరోగ్య ప్రమాదాలు

ఎండ: రామగుండం తెలంగాణలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ వరకు చేరడం ఇక్కడ అరుదు కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీలు. అది 41 డిగ్రీలు దాటితే వడదెబ్బగా భావించి వెంటనే చికిత్స చేయాలి. పొట్టి ముక్కున్న పగ్ వంటి జాతులకు, దట్టమైన బొచ్చున్న వాటికి ముప్పు ఎక్కువ. వడదెబ్బను పాలసీ ప్రమాదంగా లెక్కిస్తుందా, వ్యాధిగా లెక్కిస్తుందా అన్నదానిపైనే నిరీక్షణ కాలం వర్తించడం, వర్తించకపోవడం ఆధారపడి ఉంటుంది.

రహదారి: బొగ్గు టిప్పర్లు, సిమెంటు లారీలు తిరిగే రహదారి పక్కన వాహనం ఢీకొట్టడం ప్రధాన ప్రమాదం. ఎముకలు విరిగితే ఎక్స్‌రే, శస్త్రచికిత్స అవసరమవుతాయి.

పిడుదుల జ్వరం: గోధుమరంగు కుక్క పిడుదు (గోమారి) ద్వారా ఎర్లీకియా, బాబీసియా క్రిములు సోకుతాయి. జ్వరం, రక్తహీనత, రక్తఫలకికలు తగ్గడం లక్షణాలు. రక్తపరీక్షలు, మందులు చాలావరకు అవుట్ పేషెంట్ పద్ధతిలోనే నడుస్తాయి. ఆసుపత్రిలో చేర్చితేనే చెల్లించే పాలసీ ఉన్నవారికి ఈ ఖర్చులో ఎక్కువ భాగం తిరిగి రాదు.

పార్వో, డిస్టెంపర్: కుక్కపిల్లల్లో వాంతులు, రక్తవిరేచనాలతో వచ్చే పార్వో వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచమంతా వ్యాపించింది. దీనికీ, డిస్టెంపర్‌కూ టీకాలు ఉన్నాయి. టీకా వేయించకపోతే ఈ రోగాల క్లెయిములను దాదాపు అన్ని పాలసీలూ తిరస్కరిస్తాయి.

పాముకాటు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. విరుగుడు సూది మందు ఎన్ని సీసాలు పడితే ఖర్చు అంత పెరుగుతుంది.

జాతి సంబంధ రోగాలు: లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ కుక్కల్లో తుంటి కీలు లోపం, గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల్లో కడుపు మెలిపడడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భాశయంలో చీము, రొమ్ము కణితులు ముఖ్యమైనవి. పుట్టుకతో వచ్చే లోపాలను చాలా పాలసీలు మినహాయిస్తాయి.

వైద్య సదుపాయాలు

ప్రభుత్వ పశువైద్యశాలలు ప్రాథమిక చికిత్సను ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో అందిస్తాయి. వీటి పని ఎక్కువగా పాడిపశువులు, గొర్రెలు, మేకల చుట్టూ నడుస్తుంది. ఈ ప్రాంతపు వారికి తరువాతి మెట్టు కరీంనగర్. జగిత్యాల జిల్లా కోరుట్లలో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. అదే విశ్వవిద్యాలయానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ప్రధాన కళాశాల ఉంది. క్లిష్టమైన శస్త్రచికిత్స, ప్రత్యేక స్కానింగ్‌ల కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ చేరవలసి వస్తుంది.

దీనివల్ల మదింపులో మూడు విషయాలు ముందుకొస్తాయి. మొదటిది, కారు కిరాయి, వసతి ఖర్చు సాధారణంగా పాలసీ పరిధిలోకి రావు. రెండోది, ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స జరిగితే బిల్లు చిన్నదిగా ఉంటుంది, క్లెయిమూ చిన్నదే. మూడోది, నగదు రహిత చికిత్స ఇచ్చే క్లినిక్‌లు ఉంటే అవి పెద్ద నగరాల్లోనే ఉంటాయి. ఇక్కడివారు ముందు తమ చేతి డబ్బు పెట్టి, తరువాత తిరిగి పొందే పద్ధతికి సిద్ధపడాలి.

బిల్లు ఎవరిచ్చారన్నదీ ముఖ్యమే. 1984 భారత పశువైద్య మండలి చట్టం కింద నమోదైన పశువైద్యుడి చికిత్స పత్రాలనే బీమా సంస్థలు అంగీకరిస్తాయి. పల్లెల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ, ప్రథమ చికిత్స సేవలందించే గోపాలమిత్రలు నమోదిత పశువైద్యులు కారు. వారు రాసిన చీటీ క్లెయిమ్‌కు పనికిరాదు.

బీమా మొత్తం, ప్రీమియం

మరణ పరిహార పాలసీలో బీమా మొత్తం కుక్క మార్కెట్ విలువను బట్టి నిర్ణయమవుతుంది. సంప్రదాయ పాలసీల్లో ప్రీమియం ఆ విలువలో 5 శాతం చుట్టూ ఉండేది. ఇప్పుడు వయసు, జాతి, వంశావళి, ఎంచుకున్న విభాగాలను బట్టి అది మారుతుంది. మైక్రోచిప్ ఉన్న కుక్కకు కొన్ని సంస్థలు ప్రీమియంలో తగ్గింపు ఇస్తాయి.

కొనుగోలు బిల్లు, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశావళి పత్రం ఉన్న కుక్కకు విలువ కట్టడం తేలిక. వీధి నుంచి తెచ్చి పెంచిన నాటు కుక్కకు మార్కెట్ విలువ దాదాపు లేనట్టే. కాబట్టి మరణ పరిహారం వల్ల దాని యజమానికి ఒరిగేది తక్కువ. చికిత్స ఖర్చుకు మాత్రం కుక్క ధరతో సంబంధం లేదు. కాలు విరిగితే నాటు కుక్కకైనా, ఖరీదైన జాతి కుక్కకైనా శస్త్రచికిత్స ఖర్చు ఒకే స్థాయిలో ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, ఖర్చును పెంచేది శరీర బరువు. మందు మోతాదు, మత్తుమందు, ఎముకకు వేసే ప్లేటు బరువును బట్టి మారతాయి. అందువల్ల బీమా మొత్తం కుక్క విలువ మీద ఆధారపడుతుందా, చికిత్స ఖర్చు మీద ఆధారపడుతుందా అన్నదే మదింపులో మొదటి ప్రశ్న అవుతుంది.

మినహాయింపులు, నిరీక్షణ కాలం

చాలా పాలసీల్లో కనిపించే మినహాయింపులు ఇవి: పాలసీకి ముందే ఉన్న జబ్బులు, పుట్టుకతో వచ్చిన లోపాలు, టీకాతో నివారించగల రోగాలు (టీకా వేయించనప్పుడు), గర్భం, ప్రసవం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, అలంకరణ కోసం తోక, చెవులు కత్తిరించడం, దంత శుభ్రత, సాధారణ ఆహారం, పరిశుభ్రత ఖర్చులు, యజమాని నిర్లక్ష్యం, పోటీ లేదా వాణిజ్య అవసరాలకు వాడడం. పశువుల బీమాలో మొదటి 15 రోజుల్లో సోకిన రోగాలను మినహాయించడం పాత నియమం. కుక్కల పాలసీల్లోనూ వ్యాధులకు ఇలాంటి నిరీక్షణ కాలం ఉంటుంది, దాని నిడివి ఉత్పత్తిని బట్టి మారుతుంది. ప్రమాదాలకు సాధారణంగా నిరీక్షణ ఉండదు.

నొప్పి భరించలేని స్థితిలో కారుణ్య మరణం కల్పించినప్పుడు, అది అవసరమని పశువైద్యుడు రాతపూర్వకంగా ధ్రువీకరించి ఉంటేనే పరిహారం వస్తుంది. కాపలా కోసం పెంచే కుక్కను కొన్ని పాలసీలు ఇంటి పెంపుడు జంతువుగా పరిగణించవు. గోదాములు, ఇటుక బట్టీలు, క్వారీల వద్ద కుక్కలను ఉంచేవారు ఈ షరతును విడిగా చూసుకోవాలి. పోలీసు జాగిలాలు ప్రభుత్వ ఆస్తులు, గృహ పాలసీల పరిధిలోకి రావు.

వయసు పరిమితికి రెండు భాగాలుంటాయి: మొదటిసారి చేర్చుకునే వయసు, రెన్యువల్ ఆగిపోయే వయసు. భారీ జాతుల ఆయుష్షు తక్కువ కాబట్టి వాటికి ఈ రెండూ ముందే ముగుస్తాయి. కుక్కకు జబ్బులు పెరిగే ముసలి వయసులోనే రక్షణ ఆగిపోయే అవకాశం ఉన్నందున రెన్యువల్ వయసు చూడవలసిన ముఖ్యాంశం.

గుర్తింపు, పత్రాలు

పశువుకు చెవి బిళ్ల ఎలాంటిదో కుక్కకు మైక్రోచిప్ అలాంటిది. చర్మం కింద ఉంచే ఈ చిన్న పరికరంలో అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 15 అంకెల సంఖ్య ఉంటుంది. అది స్కానర్‌తో చదివితేనే కనిపిస్తుంది, కుక్క ఎక్కడుందో చూపించదు. మైక్రోచిప్ లేనప్పుడు రంగుల ఫొటోలు, శరీర గుర్తుల వివరణ, ముక్కు ముద్ర వంటివాటిని సంస్థలు అడుగుతాయి.

సాధారణంగా కావలసిన పత్రాలు: ప్రతిపాదన పత్రం, నమోదిత పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం, టీకాల పుస్తకం, వయసు రుజువు, ఉంటే కొనుగోలు బిల్లు, వంశావళి పత్రం. అన్నీ బాగా ఉండి టీకాల పుస్తకంలో సంతకం, ముద్ర, బ్యాచ్ సంఖ్య లేకపోయినా క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు వస్తాయి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, తరువాత క్రమం తప్పకుండా కొనసాగించాలి.

మదింపు క్రమం

మొదట కుక్క వివరాలు రాసుకోవాలి: వయసు, బరువు, జాతి, పాత జబ్బులు, ఇంట్లో ఉంటుందా, ఆరుబయట తిరుగుతుందా. తరువాత తనకు భారమయ్యే నష్టమేదో గుర్తించాలి. కొనుగోలు ధర పోవడమా, ఒక్కసారిగా వచ్చే శస్త్రచికిత్స బిల్లా, పొరుగువారి నుంచి రాగల పరిహార దావానా? ఆ నష్టాన్ని భరించే విభాగం పాలసీలో ఉందో లేదో చూశాకే ప్రీమియం పోల్చాలి. చివరగా మినహాయింపులు, కో-పే, ఉపపరిమితులు, నిరీక్షణ కాలం, రెన్యువల్ వయసులను పాలసీ పూర్తి పాఠంలో చదవాలి. ప్రకటన కరపత్రం ఒప్పందం కాదు. సంస్థ ఇచ్చే వినియోగదారు సమాచార పత్రంలో ఇవి క్లుప్తంగా ఉంటాయి.

లెక్క ఎలా వేయాలో చూపే ఊహాత్మక ఉదాహరణ ఇది. ఒక పాలసీ వార్షిక ప్రీమియం రూ.4,000, చికిత్స పరిమితి రూ.40,000, కో-పే 10 శాతం అనుకుందాం. అవుట్ పేషెంట్ ఖర్చులు, ప్రయాణం దీని పరిధిలో లేవు. కుక్క జబ్బుకు మొత్తం రూ.18,000 ఖర్చయింది. అందులో ఆసుపత్రి చికిత్స రూ.12,500, ముందస్తు పరీక్షలు రూ.3,000, ప్రయాణం రూ.2,500. పరిధిలోకి వచ్చేది రూ.12,500. కో-పే రూ.1,250 పోగా సంస్థ ఇచ్చేది రూ.11,250. యజమాని చేతి ఖర్చు రూ.6,750, ప్రీమియం కలిపితే రూ.10,750. మూడేళ్లలో ఇలాంటి జబ్బు ఒక్కసారే వస్తే, కట్టిన ప్రీమియం రూ.12,000, వచ్చింది రూ.11,250. అదే రూ.45,000 శస్త్రచికిత్స జరిగితే కో-పే పోగా రూ.40,500 మిగిలినా, పరిమితి వల్ల రూ.40,000 వస్తుంది. చిన్న జబ్బుల్లో బీమా వల్ల పెద్ద మిగులు ఉండదని, అరుదైన పెద్ద ఖర్చులోనే అది ఆదుకుంటుందని ఈ లెక్క చూపుతుంది.

క్లెయిమ్ ప్రక్రియ

చికిత్స క్లెయిమ్: ఆసుపత్రిలో చేర్చిన వెంటనే సంస్థకు తెలియజేయాలి. రోగ నిర్ధారణ, పరీక్షల నివేదికలు, మందుల చీటీలు, అసలు బిల్లులు, డిశ్చార్జి పత్రం జతచేయాలి. మెడికల్ షాపు బిల్లు మీద కుక్క యజమాని పేరు, పశువైద్యుడి పేరు ఉండాలి.

మరణ క్లెయిమ్: నమోదిత పశువైద్యుడి మరణ ధ్రువపత్రం, సంస్థ కోరితే శవపరీక్ష నివేదిక, గుర్తింపు చిప్ లేదా ఫొటోల ఆధారం కావాలి. వేసవిలో కళేబరం గంటల్లోనే పాడవుతుంది కనుక పూడ్చకముందే సంస్థకు సమాచారమిచ్చి, ఫొటోలు తీసి, పశువైద్యుడిని పిలిపించాలి.

దొంగతనం, తప్పిపోవడం: పోలీసు ఫిర్యాదు ప్రతి తప్పనిసరి. పత్రికా ప్రకటన ఇవ్వాలని, కొంత గడువు వేచి ఉండాలని కొన్ని పాలసీలు షరతు పెడతాయి.

వాహన ప్రమాదం: వాహనం సంఖ్య తెలిస్తే పోలీసులకు ఫిర్యాదు చేయడం క్లెయిమ్‌కు బలమవుతుంది. జంతువును కావాలని చంపడం, గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద నేరం.

బాధ్యత, చట్టం

తన ఆధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద శిక్షార్హం. బీమా నేర శిక్షనుగాని జరిమానానుగాని భరించదు. సివిల్ పరిహారాన్ని మాత్రమే పరిమితి మేరకు భరిస్తుంది. కుటుంబ సభ్యులకు, ఇంటి పనివారికి తగిలిన గాయాలు సాధారణంగా ‘మూడో వ్యక్తి’ నిర్వచనంలోకి రావు. గోడకు గోడ ఆనుకొని ఉండే కాలనీ క్వార్టర్లలో ఈ విభాగానికి ప్రాధాన్యం ఉంది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్క జాతులపై నిషేధం విధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ లేఖను 2024 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. అయితే ఏ జాతిని అంగీకరించాలన్నది బీమా సంస్థ సొంత నిర్ణయం. దూకుడు జాతులకు బాధ్యత రక్షణను అది నిరాకరించవచ్చు.

రద్దు, ఫిర్యాదులు

2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యక్తిగత పాలసీదారు కారణం చెప్పకుండానే పాలసీని రద్దు చేసుకోవచ్చు. ఏడాది వరకు కాలవ్యవధి ఉన్న పాలసీలో క్లెయిమ్ జరగకపోతే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం ప్రీమియం తిరిగి వస్తుంది. క్లెయిమ్ తిరస్కరణ మీద ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. తృప్తికరమైన జవాబు రాకపోతే బీమా భరోసా పోర్టల్‌లో, 155255 నంబరు ద్వారా ఐఆర్‌డీఏఐకి తెలపవచ్చు. ఆపైన 2017 నిబంధనల కింద పనిచేసే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెలంగాణ హైదరాబాద్ కార్యాలయం పరిధిలో ఉంది. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. సంస్థ తిరస్కరించిన ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు.

ప్రత్యామ్నాయాలు

ప్రీమియానికి సమానమైన సొమ్మును నెలనెలా విడిగా పొదుపు చేయడం ఒక మార్గం. ఇందులో మినహాయింపులు, పత్రాల బెడద ఉండవు. ప్రయాణం, అవుట్ పేషెంట్ ఖర్చులకూ వాడుకోవచ్చు. పొదుపు పెరగకముందే పెద్ద ఖర్చు వస్తే అది సరిపోదు, మూడో వ్యక్తి పరిహారాన్నీ భరించలేదు. చిన్న ఖర్చులకు పొదుపు, పెద్ద శస్త్రచికిత్సకు, బాధ్యతకు బీమా అన్న కలయిక మధ్యే మార్గం. టీకాలు, పిడుదుల మందు, ఆడకుక్కకు సకాలంలో ఆపరేషన్, ఎండ వేళల్లో నీడ, నీరు, రోడ్డు పక్కన పట్టీతో నడిపించడం బీమా ఉన్నా లేకున్నా ఖర్చును తగ్గించే చర్యలు.

ప్రాముఖ్యం, పరిమితులు

కుక్కల బీమా వల్ల చికిత్స నిర్ణయం డబ్బు చుట్టూనే తిరగవలసిన అవసరం కొంత తగ్గుతుంది. టీకాలు, గుర్తింపు, వైద్య పత్రాలను క్రమంగా ఉంచుకునే అలవాటును అది ప్రోత్సహిస్తుంది. క్లినిక్‌లు, ప్రత్యేక వైద్యులు దూరంగా ఉన్న చోట పాలసీ ప్రయోజనం తగ్గడం, వయసు పరిమితులు, అవుట్ పేషెంట్ ఖర్చుల మినహాయింపు దీని ప్రధాన లోపాలు. బసంత్‌నగర్ వంటి పారిశ్రామిక ఊళ్లలో ఖరీదైన జాతి కుక్క యజమానికి మరణ, దొంగతనం విభాగాలు, నాటు కుక్క యజమానికి శస్త్రచికిత్స, బాధ్యత విభాగాలు ఎక్కువ ఉపయోగపడతాయి. పాలసీలు సాధారణంగా ఏడాది కాలానికే జారీ అవుతాయి. అందువల్ల కుక్క వయసు, ఆరోగ్యం, మారిన షరతులను బట్టి ప్రతి రెన్యువల్ ముందు ఈ మదింపును మళ్లీ చేసుకోవాలి.